చలనం లెక్కలు: తల్లి అడగదగ్గ నాలుగు ప్రశ్నలు

"సూత్రాలన్నీ నోటికి వచ్చు, లెక్క మాత్రం తప్పుతోంది." తొమ్మిదో తరగతి పిల్లలున్న ఇళ్ళల్లో తరచు వినిపించే మాట ఇది. దాంతో మనం "వీడికి లెక్కలు రావు" అని తీర్మానించేస్తాం. ఆ మాట పిల్లల మనసులో నాటుకుపోతే, ఆనక సైన్సు పుస్తకం తెరవాలంటేనే భయం. నిజానికి ఈ తప్పుల్లో చాలావరకు తొందరపాటు వల్ల వచ్చేవే. ఫిజిక్సు చదవని తల్లి అయినా సరే, పక్కన కూర్చుని నాలుగు ప్రశ్నలు అడిగితే వీటిని ఆపవచ్చు.

మొదటిది, "బొమ్మ గీశావా?" లెక్క చదవగానే సూత్రం కోసం వెతకడం పిల్లల అలవాటు. ముందు బొమ్మ గీయమనండి. ఏ బలం ఎటు పనిచేస్తోందో బాణం గుర్తులు పెట్టమనండి. బల్ల మీద పుస్తకం ఉంది. భూమి దాన్ని కిందికి లాగుతోందని అందరూ రాస్తారు. బల్ల దాన్ని పైకి నెడుతోందన్నది మరచిపోతారు.

రెండోది, "ప్రమాణాలు సరిచూశావా?" బస్సు గంటకు 72 కిలోమీటర్ల వేగంతో పోతోంది. బ్రేకు వేస్తే, వేగం ఒకే తీరున తగ్గి, 4 సెకన్లలో ఆగింది. ఎంత దూరం పోయింది? కాలం సెకన్లలో ఉంది కనుక వేగాన్నీ సెకనుకు మీటర్లలోకి మార్చాలి. 72ను 5తో హెచ్చవేసి 18తో భాగిస్తే 20 వస్తుంది. సగటు వేగం అందులో సగం, అంటే 10. నాలుగు సెకన్లకు 40 మీటర్లు. అలాగే 5 కిలోల బియ్యం అన్నప్పుడు, ఆ 5 కిలోలు ద్రవ్యరాశి. భారం కావాలంటే 9.8తో హెచ్చవేసి 49 న్యూటన్లు అని రాయాలి.

మూడోది, "ఏ దిక్కు ప్లస్సు?" బంతిని సెకనుకు 19.6 మీటర్ల వేగంతో పైకి విసిరారు. పై దిక్కు ప్లస్సు అనుకుంటే గురుత్వ త్వరణం మైనస్ 9.8. బంతి 2 సెకన్లలో కొసకు చేరుతుంది. అక్కడ వేగం సున్నా. త్వరణం కూడా సున్నా అని రాసేస్తారు చాలామంది. అది తప్పు. త్వరణమే లేకపోతే బంతి అక్కడే ఆగిపోవాలి కదూ!

చివరిది, "జవాబు నమ్మేలా ఉందా?" బస్సు లెక్కలో వేగాన్ని మార్చడం మరచిపోతే 144 మీటర్లు వస్తుంది. అసలు బ్రేకే వేయకపోయినా ఆ బస్సు 4 సెకన్లలో పోయేది 80 మీటర్లే. బ్రేకు వేశాక 144 ఎలా పోతుంది? ఇలా ఆలోచించడం అలవాటైతే పిల్లలు తమ తప్పు తామే పట్టుకుంటారు.

జవాబు మీరు చెప్పనక్కరలేదు. లెక్క తప్పితే కసరకండి. ఏ మెట్టు దగ్గర తప్పిందో పెన్సిలుతో గుర్తు పెట్టించి, అక్కడి నుంచి మళ్ళీ చేయించండి. "నాకు రాదు" అన్న పిల్లలే "ఇక్కడ తప్పాను" అనడం మొదలుపెడతారు. ఆ తేడా చాలు.