పసుపు ఉడకబెట్టుటలో వంటచెరకు పొదుపు

లక్సెట్టిపేట ప్రాంతపు పసుపు రైతులకు ఒక మనవి. కడాయిలో నీరు మరిగిన పిమ్మట మంట హెచ్చించినచో కొమ్ములు త్వరగా ఉడుకునని కొందరు తలంతురు. అది సరికాదు. మరుగునీటి వేడి సుమారు 100 సెంటీగ్రేడు డిగ్రీలను మించదు. అదనపు వేడి నీటిని ఆవిరిగా మార్చుటకే ఖర్చగును. 30 డిగ్రీల నీటిని ఒక కిలో మరిగించుటకు 70 కిలో కెలోరీలు చాలును. ఆ మరిగిన నీటిని ఆవిరి చేయుటకు మరి 540 కావలెను. అనగా దాదాపు ఎనిమిది రెట్లు!

కావున నీరు మరిగిన వెంటనే మంట తగ్గించి, కడాయిపై తడి గోనెపట్టాలు కప్పి, మరుగు ఆగకుండ మాత్రము చూచుకొనవలెను. నురుగు పొంగి, పసుపు వాసనతో ఆవిరి వెలువడి, పుల్ల గ్రుచ్చిన సులభముగా దిగినచో కొమ్ము ఉడికినట్లే. హెచ్చుగా ఉడికిన రంగు చెడును. తక్కువైన కొమ్ము పెళుసగును. రెండింటను ధర తగ్గును.