ముక్కుతో తినే చేపల పులుసు

కైకలూరు, ఆకివీడు వైపు రైల్లో వెళ్తే కిటికీకి రెండు పక్కలా చేపల చెరువులే. ఆ కొల్లేటి చెరువుల్లో పెరిగిన బొచ్చె గురించో శీలావతి గురించో మన ఏలూరు, తాడేపల్లిగూడెం ఇళ్లల్లో అప్పుడప్పుడూ ఒక మాట వినిపిస్తుంది: "చేప బానే ఉంది గానీ మట్టి వాసనొస్తోంది." ఆ మాట అనేది ముక్క నోట్లో పెట్టుకున్నాక. మరి "మట్టి రుచి" అనకుండా "మట్టి వాసన" అంటారెందుకు? సైన్స్ ప్రకారం అదే కరెక్ట్ మాట. ఎందుకో చూద్దాం.

ముందు నాలుక సంగతి. రుచి మొగ్గలు ఒక్కోదాంట్లో 50 నుంచి 100 దాకా కణాలుంటాయి. ఇన్ని ఉన్నా అవి ముఖ్యంగా గుర్తుపట్టేవి ఐదే: తీపి, పులుపు, ఉప్పు, చేదు, ఉమామి. ఈ ఐదోదాన్ని 1908లో జపాన్ శాస్త్రవేత్త కికునే ఇకెడా సముద్రపు నాచుతో కాచిన చారులో గుర్తించాడు. చేపల పులుసుకీ టమాటా పప్పుకీ ఉండే ఆ నిండైన రుచిలో దీని వాటా ఉంది.

మరి మన షడ్రుచుల మాటేమిటి? కారం నిజానికి రుచి కాదు, మంట. మిరపకాయలోని క్యాప్సైసిన్ వెళ్లి వేడిని పసిగట్టే టీఆర్‌పీవీ1 అనే గ్రాహకాన్ని తాకుతుంది. "కాలుతోంది" అని మెదడుకి మెసేజ్ పోతుంది. 1997లో దీన్ని కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కి 2021లో నోబెల్ వచ్చింది. వగరు కూడా ఎక్కువగా స్పర్శే. పచ్చి అరటికాయలోని టానిన్లు లాలాజలంలోని ప్రోటీన్లని పట్టేసుకుంటాయి, నోరు పిడచగట్టినట్టవుతుంది. కాబట్టి ఉగాది పచ్చడి లెక్క తప్పేం కాదు. పెద్దవాళ్లు నోరంతా లెక్కేశారు, సైన్స్ రుచి మొగ్గల్ని మాత్రమే లెక్కేసింది.

ఏ లెక్కలో చూసినా మట్టి లేదు. దాన్ని పట్టేది ముక్కే.

ముక్కు లోపల బాగా పైన, కొన్ని చదరపు సెంటీమీటర్ల పొరలో లక్షల నాడీకణాలుంటాయి. వాటి మీద సుమారు 400 రకాల వాసన గ్రాహకాలు. ఒక్కో కణానికి సాధారణంగా ఒకే రకం. ఈ గ్రాహకాల జన్యువుల్ని 1991లో బయటపెట్టిన లిండా బక్, రిచర్డ్ యాక్సెల్‌లకి 2004లో నోబెల్ ఇచ్చారు. ఒక వాసనకి ఒక గ్రాహకం అని కాదు, ఒక్కో వాసన కొన్ని గ్రాహకాల గుంపుని లేపుతుంది. సీఎస్ఈ భాషలో చెప్పాలంటే 400 బిట్ల పాస్‌వర్డ్. అందులో ఏది ఎంత బలంగా వెలిగిందన్నది కూడా లెక్కే. అందుకే ఐదు రుచుల నాలుక పక్కన ముక్కు అంత పెద్ద నిఘంటువు.

నోట్లో ముక్క నములుతుంటే దాని ఆవిరి గొంతు వెనక దారిలో ముక్కులోకి ఎక్కుతుంది. నమ్మకం లేకపోతే హోటల్లో ఇచ్చే పంచదార పూత సోంపు ముక్కు మూసుకుని నమలండి. తీపే తెలుస్తుంది. ముక్కు వదలగానే సోంపు వచ్చేస్తుంది!

ఇప్పుడు మట్టి దగ్గరికొద్దాం. చెరువు నీళ్లలో, బురదలో ఉండే కొన్ని నీలి ఆకుపచ్చ నాచులు, బ్యాక్టీరియా జియోస్మిన్ అనే పదార్థాన్ని తయారుచేస్తాయి. అది మొప్పల గుండా చేపలోకి వెళ్లి కొవ్వులో చేరుతుంది. తొలకరి వానకి నేల నుంచి వచ్చే కమ్మని వాసనలో ఉండేది కూడా ఇదే. గ్రాముని వంద కోట్ల వంతులు చేసి, అందులో ఐదు పది వంతులు లీటరు నీళ్లలో కలిపినా మన ముక్కు పట్టేయగలదు. చేపని కొన్ని రోజులు మేత లేకుండా మంచి నీళ్లలో ఉంచితే ఇది మెల్లగా దిగిపోతుంది. ఆమ్లం తగిలితే వాసన లేని పదార్థంగా మారుతుంది. చెరువు చేపకి చింతపండు పులుసు కుదరడం ఉత్తినే కాదు. సముద్రపు చేప నీచు వాసన వేరు, అది ట్రైమిథైలమీన్. దాన్ని కూడా పులుపు లవణంగా మార్చి గాల్లోకి లేవనివ్వదు.

ఈ ముక్కు పోతే ఏమవుతుందో 2020, 2021లో కోవిడ్ వచ్చిన చాలామందికి తెలిసింది. ఆ వైరస్ ముఖ్యంగా దెబ్బతీసింది వాసన నాడీకణాల్ని కాదు, వాటికి ఆసరాగా ఉండే కణాల్ని. పైగా వాసన నాడీకణాలు కొత్తవి పుడుతూనే ఉంటాయి. అందుకే ఎక్కువమందికి వాసన తిరిగొచ్చింది. కొందరికి రాలేదు. వాళ్లకి పోయింది పులుసు రుచి ఒక్కటే కాదు. గ్యాస్ లీకైతే తెలియాలని సిలిండర్లో కలిపే ఇథైల్ మెర్కాప్టాన్ వాసన కూడా వాళ్లకి అందదు, పాడైన చేప సంగతి తెలియదు. అలాంటివాళ్లున్న ఇంట్లో గ్యాస్ లీక్ అలారం పెట్టడం మంచిది.

వయసుతో కూడా వాసన తగ్గుతుంది, చాలాసార్లు ఆ మనిషికే తెలియకుండా. ఇంట్లో తాతయ్యో నాన్నమ్మో "కూర చప్పగా ఉంది" అని రోజూ ఉప్పు వేసుకుంటుంటే, బీపీ మాట వచ్చేలోపు ఒకసారి కాఫీ పొడి, లవంగం కళ్లు మూయించి వాసన చూపించండి. పోల్చుకోలేకపోతే ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించాలి. గులాబీ, నిమ్మ, లవంగం, యూకలిప్టస్ వాసనల్ని రోజుకి రెండుసార్లు, 12 వారాలు శ్రద్ధగా పీల్చే సాధనని జర్మనీలో థామస్ హమ్మెల్ బృందం 2009లో ప్రచురించింది. వాసన తగ్గినవాళ్లలో కొందరికి అది మేలు చేసింది. ఖర్చు పెద్దగా లేదు, ఓపిక మాత్రం కావాలి. పక్కన కూర్చుని ఆ ఓపిక ఇవ్వడం మన పని.