పగడాల తొట్టె మీది దీపం

పగడం జంతువే అయినా దాని తిండిలో ఎక్కువ భాగం ఎండ నుంచే వస్తుంది. దిబ్బలు కట్టే పగడాల కణజాలంలో జువోజాంతెల్లే అనే ఏకకణ శైవలాలు కాపురముంటాయి. కిరణజన్య సంయోగక్రియతో అవి తయారుచేసే పిండిపదార్థాల్లో పెద్ద వాటా ఆశ్రయమిచ్చిన పగడానికే పోతుంది. కొన్ని జాతులకు కావలసిన శక్తిలో 90 శాతం దాకా ఇలాగే సమకూరుతుంది. నీడలో పెట్టిన పగడం వెంటనే చావదు. వారాల తరబడి చిక్కిపోతూ, రంగు మారుతూ, చివరికి తెల్లని సున్నపు అస్థిపంజరంగా మిగులుతుంది. చేపల తొట్టెకు దీపం అలంకారం, పగడాల తొట్టెకు అదే ఆహారం. పంపులు, ఫిల్టర్లు, నీటిని చల్లబరిచే చిల్లర్ల ఎంపిక చాలావరకు దీపం ఎంపిక వెనకాలే నడుస్తుంది.

వెలుగు ఉంటే చాలదు, ఏ రంగు వెలుగన్నదీ ముఖ్యమే. నీరు ముందుగా ఎరుపును మింగేస్తుంది. పది మీటర్ల లోతుకు దిగేసరికి ఎరుపు దాదాపు మిగలదు, నీలం మాత్రం చాలా లోతు దాకా పోతుంది. పగడాల్లోని శైవలాలు ఈ నీలానికి అలవాటుపడినవి. వాటి పత్రహరితం 430 నుంచి 460 నానోమీటర్ల నీలాన్ని బాగా పట్టుకుంటుంది. పెరిడినిన్ అనే మరో వర్ణకం అక్కణ్ణుంచి ఆకుపచ్చ వైపుకు జరిగిన వెలుగును అందుకుంటుంది.

తొట్టెలో పగడాలను బతికించిన తొలి మనుషుల్లో ఒకరు ఇంగ్లండుకు చెందిన అనా థిన్. 1846లో టార్కీ తీరంలో దొరికిన పగడాలను ఆమె లండన్‌కు తెచ్చుకుంది. గాలి కలవడానికి సముద్రపు నీటిని కిటికీ దగ్గర ఒక పాత్రలోంచి మరో పాత్రలోకి పోయించేది. ఆ తర్వాత నీటిలో సముద్రపు నాచు కూడా వేసింది. ఆ పగడాలు ఏళ్ల తరబడి బతికాయి. అయితే అవి చల్లని సముద్రాల జాతి, ఒంట్లో శైవలాలు లేనివి, వేటాడి తినేవి. కనుక వెలుగు సమస్య ఆమెకు ఎదురే కాలేదు. ఉష్ణమండలపు పగడాలను తొట్టెలో పెంచడం సాధ్యమేనని లోకానికి చూపించినవాడు జకార్తా నివాసి లీ చిన్ ఎంగ్. జీవరాళ్లు (సూక్ష్మజీవులు కాపురమున్న దిబ్బ రాళ్లు), గాలిబుడగలు, సముద్రపు నీరు, పైనుంచి నేరుగా పడే ఎండ: ఆయన పద్ధతి ఇంతే. 1961లో ఒక అమెరికన్ పత్రికలో దాన్ని వివరించాడు. ఎండకు కొదవలేని జకార్తాలో దీపంతో పనేముంది? అదే పద్ధతిని మబ్బుల జర్మనీలో పెట్టి చూసినవాళ్లకు రాళ్లు, నీళ్లు దొరికినా సూర్యుడు దొరకలేదు.

అందుబాటులో ఉన్న మొదటి బదులు ట్యూబులైటు. 1938 నుంచి అమ్మకంలో ఉన్న ఈ దీపంలో పాదరసపు ఆవిరి అతినీలలోహిత కిరణాలను వెదజల్లితే, గొట్టం లోపలి పూత వాటిని కంటికి కనిపించే వెలుగుగా మారుస్తుంది. పూత మారిస్తే రంగు మారుతుంది. 420 నానోమీటర్ల దగ్గర వెలిగే 'యాక్టినిక్' ట్యూబులు అలా పగడాల తొట్టెల మీదికి చేరాయి. రంగు కుదిరింది గాని బలం చాలలేదు. పుట్టగొడుగు పగడాలు, మెత్తని తోలు పగడాలు బతికేవి. ఆక్రోపోరా వంటి కొమ్మల పగడాలు నిలిచేవి కావు.

ఆ బలం మెటల్ హాలైడ్ దీపంతో వచ్చింది. పాదరసపు దీపంలో లోహ లవణాలు కలిపితే వెలుగు మెరుగుపడుతుందని చార్లెస్ స్టైన్‌మెట్జ్ 1912లోనే పేటెంట్ పొందాడు. జనరల్ ఎలక్ట్రిక్‌లో గిల్బర్ట్ రైలింగ్ దాన్ని పనికొచ్చే దీపంగా మలిచేసరికి 1960లు వచ్చాయి. ఆటస్థలాల ఫ్లడ్‌లైట్లలో వెలిగింది చాలాకాలం ఈ దీపమే. క్వార్ట్జ్ గొట్టంలో విద్యుత్ చాపం రగిలినప్పుడు లోపలి లోహపు అయొడైడ్లు ఆవిరై, ఒక్కో లోహం తన రంగును వెలువరిస్తుంది. ఇండియం 451 నానోమీటర్ల నీలం ఇస్తుంది. పగడాలకు కావలసింది సరిగ్గా అదే. ఆర్పిన బల్బు చల్లారేదాకా మళ్లీ వెలగదు. కరెంటు ఒక్క క్షణం పోయినా తొట్టె చాలా నిమిషాలు చీకట్లో ఉండాల్సిందే.

జర్మనీలో పుట్టి 'బెర్లిన్ పద్ధతి'గా పేరుపడిన ఏర్పాటుకు ఈ దీపమే వెన్నెముక. దానికి తోడు జీవరాళ్లు, ప్రొటీన్ స్కిమ్మర్, సున్నపు తేట. స్విట్జర్లాండుకు చెందిన పీటర్ విల్కెన్స్ 1970ల నుంచి రాసిన పుస్తకాలు దీన్ని వ్యాప్తిలోకి తెచ్చాయి. దీపం తర్వాత ఒక్కో పరికరం ఎందుకు అవసరమైందో ఇక్కడే స్పష్టంగా కనిపిస్తుంది. వెలుగులో పగడం అస్థిపంజరం కట్టే వేగం చీకట్లో కన్నా బాగా ఎక్కువని జమైకాలో థామస్ గోరో 1950లలో రేడియోధార్మిక కాల్షియంతో తేల్చాడు. దీపం బలం పెరిగితే నీటిలోని కాల్షియం, క్షారత అంత వేగంగా ఖర్చవుతాయి. సహజ సముద్రజలంలో లీటరుకు దాదాపు 420 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. కొమ్మల పగడాలు నిండిన తొట్టెలో అది రోజురోజుకూ పడిపోతుంది. ఇంకిపోయిన నీటికి బదులు సున్నపు తేటను చుక్కలు చుక్కలుగా పోస్తే కాల్షియంతోపాటు క్షారతా భర్తీ అవుతుంది. దాని పీహెచ్ చాలా ఎక్కువ గనుక ఒక్కసారిగా పోయకూడదు. సున్నం నీటిలో కరిగేదే కొద్దిగా, దానికి తోడు రోజూ ఇంకే నీటికి మించి పోయలేం. ఆ లోటు తీర్చడానికి కాల్షియం రియాక్టర్ వచ్చింది. కార్బన్ డయాక్సైడుతో ఆమ్లంగా మారిన నీరు అందులోని పగడపు ముక్కలను కరిగించి తొట్టెలోకి పంపుతుంది.

ప్రొటీన్ స్కిమ్మర్ పని నీటిలోని సేంద్రియ మలినాలను కుళ్లకముందే బయటికి లాగెయ్యడం. సన్నని గాలిబుడగల ఉపరితలానికి ప్రొటీన్లు అతుక్కుని, నురగై, పై గిన్నెలోకి పొంగుతాయి. సముద్రపొడ్డున అలల మీద తేలే నురగ కూడా ఇలా పుట్టేదే. కొనేటప్పుడు పెట్టెమీద రాసిన లీటర్ల లెక్కను సగానికి నమ్మడం మేలు. ఇక పంపులు. గట్టి వెలుగులో శైవలాలు పుట్టించే ఆక్సిజన్ పగడం ఒంట్లో పేరుకుంటే హానికరం, పారే నీరు దాన్ని కడిగేస్తుంది. పాత పవర్‌హెడ్ పంపులు ఒకేచోట ధారగా కొట్టి కణజాలాన్ని చీల్చేవి. ప్రొపెల్లర్ పంపులు అదే కరెంటుతో వెడల్పైన ప్రవాహం ఇస్తాయి. 2000లలో వచ్చిన ఒక రకంలో మోటారు అద్దం బయటే ఉండి, అయస్కాంతాలతో లోపలి ప్రొపెల్లర్‌ను తిప్పుతుంది. మోటారు వేడి నీటిలోకి దిగదు.

అసలు వేడి మాత్రం దీపం నుంచే. మెటల్ హాలైడ్ బల్బులు 150, 250, 400 వాట్లలో వచ్చేవి. చిన్న తొట్టెకే రెండు బల్బులు వేలాడదీస్తే నీరు కాగి, చిల్లర్ కొనక తప్పేది కాదు. బల్బు రంగు మీదా వాదాలు నడిచాయి. 6,500 కెల్విన్ల బల్బు కింద పెరుగుదల బాగుండేది, తొట్టె పసుపుపచ్చగా కనిపించేది. 20,000 కెల్విన్ల నీలి బల్బు కింద తొట్టె అందంగా కనిపించేది గాని, అంతే వాట్లకు వెలుగు తక్కువ వచ్చేది. పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీలో ఇంజినీరింగ్ ఆచార్యుడు సంజయ్ జోషి రకరకాల బల్బులను వర్ణపటమాపకం కింద పెట్టి కొలిచి ప్రచురించాక, ఆ వాదాలకు అంకెల ఆధారం దొరికింది. 16 మిల్లీమీటర్ల సన్నని టీ5 ట్యూబులు, ఒక్కోదానికీ విడి ప్రతిఫలకంతో, మధ్యేమార్గంగా వచ్చాయి. వెలుగును సమానంగా పరచడంలో వాటికి ఇప్పటికీ సాటి లేదు.

1993లో జపాన్‌లోని నిచియా కంపెనీ నుంచి షూజీ నకమురా ప్రకాశవంతమైన నీలి ఎల్‌ఈడీని బయటపెట్టాడు. దీనికి దారి వేసిన ఇసాము అకాసాకి, హిరోషి అమానోలతో కలిపి ఆయనకు 2014లో నోబెల్ వచ్చింది. ఇంటి బల్బులకోసం ఈ నీలం మీద పసుపు పూత పూసి తెల్లగా మారుస్తారు. పగడాలకు ఆ పూత లేని నీలమే పనికొస్తుంది. 2000ల మధ్యలో పగడాల తొట్టెల కోసం తొలి ఎల్‌ఈడీలు అమెరికాలో బయలుదేరాయి. ధర, పేటెంట్ తగాదాలు కొన్నాళ్లు అడ్డుపడినా తర్వాతి దశాబ్దంలో మార్కెట్ వాటిదే అయింది. ఎల్‌ఈడీ వేడి వెనకనున్న లోహపు రెక్కల ద్వారా పైకి పోతుంది, నీటిమీదికి పరారుణ కిరణాలు దాదాపు పడవు. వెలుగును ఉదయం మెల్లగా పెంచి సాయంత్రం మెల్లగా తగ్గించవచ్చు. లోపం నీడ. ఒక్క బిందువు నుంచి వచ్చే వెలుగు పై కొమ్మలను కాల్చి కింది కొమ్మలను చీకట్లో ఉంచుతుంది. ఒక బలమైన దీపానికి బదులు ఓ మోస్తరువి రెండు పెట్టడమే దీనికి విరుగుడు.

నీలి ఎల్‌ఈడీతో మరో విశేషం వెలుగులోకి వచ్చింది. పగడాల్లోని ప్రతిదీప్తి ప్రొటీన్లు నీలాన్ని మింగి ఆకుపచ్చగా, నారింజగా, ఎర్రగా వెలుగుతాయి. 1999లో మాస్కో శాస్త్రవేత్తలు పుట్టగొడుగు పగడమైన డిస్కోసోమా నుంచి వేరుచేసిన ఎర్రని ప్రొటీన్ నేడు జీవకణాలను గుర్తుపట్టడానికి ప్రయోగశాలల్లో వాడుకలో ఉంది. దుకాణాలు కేవలం నీలి వెలుగులోనే పగడాలను చూపించడానికి కారణమూ ఇదే. అక్కడ జిగేలుమన్నది తెల్లని వెలుగులో గోధుమరంగుగా తేలవచ్చు. కొనేముందు తెల్ల దీపం వేయమని అడగడం మంచిది.

దీపాన్ని వాట్లతో ఎంచుకునే రోజులు పోయాయి. 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య వెలుగు ఎంత పడుతోందో చెప్పే 'పార్' లెక్కే ఇప్పుడు కొలమానం. దాన్ని చదరపు మీటరుకు సెకనుకు మైక్రోమోల్స్‌లో చెబుతారు. మెత్తని పగడాలకు, యూఫిలియా వంటి రాతి పగడాలకు 50 నుంచి 150 చాలు. ఆక్రోపోరా వంటివి 200 నుంచి 350 కోరతాయి. ఉష్ణమండలంలో మధ్యాహ్నపు నీటి ఉపరితలం మీద ఇది 2,000 దాకా ఉంటుంది గాని దాన్ని అనుకరించనక్కరలేదు, ఒక హద్దు దాటాక శైవలాలు అదనపు వెలుగును వాడుకోలేవు. లక్స్ మీటరుతో, ఫోన్ యాప్‌లతో కొలిస్తే మోసపోతారు. లక్స్ మనిషి కంటి లెక్క, కన్ను నీలాన్ని తక్కువగా చూస్తుంది. కొత్త దీపం పెట్టినప్పుడు సగం బలంతో మొదలుపెట్టి కొన్ని వారాల్లో పెంచుకుపోవాలి. ఎక్కువ వెలుగుకు తెల్లబడే పగడాలు, తక్కువ వెలుగుకు చిక్కిపోయేవాటికన్నా త్వరగా చచ్చిపోతాయి.

తెలుగునాట లెక్క ఇంకొంచెం మారుతుంది. యూరప్ పుస్తకాలు హీటరుతో మొదలవుతాయి, ఇక్కడ దాని అవసరం అరుదు. నీరు 25, 26 డిగ్రీల దగ్గర ఉండాలి, 30 దాటి రోజుల తరబడి నిలిస్తే శైవలాలు పగడాన్ని వదిలిపోతాయి. ఎండాకాలం 40 డిగ్రీలు దాటే విజయవాడలో ఎల్‌ఈడీ వాడినా చిల్లరో ఏసీనో తప్పదు. నీటిమీదికి ఫ్యాన్ తిప్పితే ఆవిరి రెండు మూడు డిగ్రీలు చల్లబరుస్తుంది. పొడిగాలి వీచే హైదరాబాద్ వేసవిలో ఇది పనిచేసినంతగా ఉక్కపోత విశాఖలో చెయ్యదు. ఇంకేది నీరు మాత్రమే, ఉప్పు తొట్టెలోనే ఉండిపోతుంది. కాబట్టి లోటును ఉప్పునీటితో కాక ఆర్‌వో నీటితో పూడ్చాలి. నీటిమట్టం చూసి తనంతట తానే నింపే పరికరానికి పెట్టిన డబ్బు వృథా కాదు. కరెంటు పోతే ముందుగా కరువయ్యేది ఆక్సిజన్, కనుక బ్యాటరీతో నడిచే గాలిపంపు ఒకటి దగ్గరుండాలి.

చివరిది చట్టం. దిబ్బలు కట్టే రాతి పగడాలన్నిటినీ 2001లో భారత వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. మన సముద్రంలోంచి వాటిని ఏరడం, అమ్మడం నేరం. రాతి పగడాల అంతర్జాతీయ వ్యాపారం వన్యజీవుల వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందపు రెండో అనుబంధం కింద అనుమతి పత్రాలతోనే నడుస్తుంది. పత్రాలు చూపించలేని దుకాణంలో చవగ్గా దొరికే కొమ్మ పగడానికి దూరంగా ఉండటమే క్షేమం. మెత్తని పగడాలతో, పుట్టగొడుగు పగడాలతో సరిపెట్టుకునే తొట్టెకు దీపం బలం సగం చాలు, కాల్షియం రియాక్టర్ అక్కరలేదు, నెలకోసారి కొంత ఉప్పునీరు మారిస్తే కాల్షియం లోటు తీరిపోతుంది.