పికప్పు బండి: నిర్మాణము, ఉపయోగము, బాధ్యత

ఉప్పలు కూడలియందు ఉదయమున వచ్చిపోవు బండ్లను గమనించినచో, ముందు మనుష్యులు కూర్చుండుటకు చిన్న గదియు, వెనుక సరకులకై పైకప్పులేని తొట్టియు గల బండ్లు అనేకములు కానవచ్చును. నాచారము పారిశ్రామికవాడకు ఇనుపరేకులు, అట్టపెట్టెలు, యంత్రభాగములు చేర్చునవి ఇవియే. వీనిని కొందఱు పికప్పు అనియు, కొందఱు ట్రాలీ అనియు పిలుతురు. ఇంతకంటె పెద్దదానికి మన నగరమున డీసీఎం అని పేరు. అది 1980వ దశకమున ట్రక్కులు చేసిన డీసీఎం టొయోటా సంస్థ పేరు. ఆ సంస్థ నేడు లేకున్నను, పేరు మాత్రము బండికి నిలిచిపోయినది.

మొదట అమెరికాలో రైతులును వర్తకులును తమ కార్ల వెనుకభాగమును కోసివైచి, కొయ్యపెట్టెలు బిగించుకొనెడివారు. ఈ అవసరమును కనిపెట్టి ఫోర్డు సంస్థ 1925లో కర్మాగారముననే తొట్టిని అమర్చి, 281 డాలర్ల వెలకు అమ్మసాగెను. మన దేశమున టాటావారి 207 బండియు, 2005లో చిన్నదగు టాటా ఏస్ బండియు వెలువడెను. తెలుగుదేశమునకును ఇందు భాగము గలదు. ఆంధ్రప్రదేశమునందలి శ్రీసిటీలో జపానుదేశపు ఇసుజు సంస్థ 2016 ఏప్రిలు మాసమున కర్మాగారమును తెఱచి, డీ-మాక్స్ అను పికప్పును చేయ నారంభించెను. ఇందు సరకులకై ఏర్పడిన రకము వేఱు. వీ-క్రాస్ అను పేరుతో పనికిని కుటుంబ ప్రయాణమునకును ఉపకరించు రకము వేఱు.

ఇట్టి బండి బలమునకు మూలమేమి? సాధారణపు కారులో పైకవచమును అడుగుభాగమును ఏకదేహముగ నుండును. పికప్పులో నన్ననో, నిచ్చెనవలె రెండు పొడవైన ఉక్కుదూలములును, వాని నడుమ అడ్డుకమ్ములును గల ఛాసిస్ అడుగున నుండును. గదియు తొట్టియు దానిపై వేర్వేఱుగ బిగింపబడును. గతుకులలో కలుగు మెలితిప్పును ఆ నిచ్చెనయే భరించును. వెనుక ఇరుసుపై కమానుపట్టీలు దొంతరగ నుండును. ఇవి బరువునకై చేయబడినవి గావున, తొట్టి ఖాళీగ నున్నపుడు బండి ఎగిరెగిరి పడును. సరకు నింపినపుడు నెమ్మదించును.

ఇక యంత్రము. 2021 నాటి వీ-క్రాస్ నమూనా యొక్క 1.9 లీటర్ల డీజిలు యంత్రమునకు 360 న్యూటన్ మీటర్ల టార్కు, అనగా త్రిప్పుడుబలము గలదు. అడ్డముగ పట్టిన మీటరు పొడవు గునపము చివర సుమారు 37 కిలోల బరువు వ్రేలాడదీసినచో కలుగు బలమింత. గేర్లు దీనిని పలురెట్లు పెంచి చక్రముల కందించును. బరువుతో ఎత్తెక్కుటకు వేగముకంటె ఈ బలమే ముఖ్యము.

కొనదలచిన తలిదండ్రులు కొన్ని విషయములు యోచింపవలెను. వీ-క్రాస్ పొడవు సుమారు 5.3 మీటర్లు. నాచారపు ఇఱుకు సందులలో దానిని మలుపుట యెట్లు, రాత్రి నిలుపుట యెక్కడ? వాడుకయు ముందే తేల్చుకొనవలెను. సరకుల బాడుగకు తిరుగు బండికి పసుపుపచ్చని సంఖ్యాఫలకము, సొంతవాడుక బండికి తెల్లనిది యుండవలెను. మొత్తము బరువు 7,500 కిలోలు మించని సరకుల బండిని తేలికబండి లైసెన్సుతోనే నడుపవచ్చునని సర్వోన్నత న్యాయస్థానపు రాజ్యాంగ ధర్మాసనము 2024 నవంబరులో తీర్పు చెప్పెను. బాడుగబండితో జీవనము సాగించు డ్రైవర్లకు ఇది గొప్ప ఊరట.

అయినను లైసెన్సు యుండుట వేఱు, బరువును ఎఱిగి నడుపుట వేఱు. సరకంతయు తొట్టి చివర చేరినచో ముందుచక్రములు తేలికయై, స్టీరింగు పట్టు సడలును. కావడి మోయువాడు బరువును రెండువైపుల సమముగ పంచునట్లు, లోడును వెనుక ఇరుసునకు ముందుగ సర్ది, త్రాళ్లతో బిగింపవలెను. బండి మొత్తము బరువు రెట్టింపైన, దానిని ఆపుటకు బ్రేకులు హరింపవలసిన శక్తియు రెట్టింపగును. వేగము రెట్టింపైననో ఆ శక్తి నాలుగురెట్లగును. అధికభారమునకు 20,000 రూపాయల జరిమానాయు, మించిన ప్రతి టన్నునకు మఱి 2,000 రూపాయలును 2019లో సవరింపబడిన చట్టము విధించుచున్నది. ఈ జరిమానా వెనుక నున్నది ఆ గణితమే.

కడపట, విద్యార్థులారా, మీకు ముఖ్యముగ చెప్పవలసినదొకటి గలదు. పెండ్లికనియు, జాతరకనియు, క్రీడాపోటీలకనియు తొట్టిలో పదిమంది ఎక్కి పోవుట మన ప్రాంతమున వాడుకయై యున్నది. ఆ తొట్టిలో ఆసనము లేదు, బెల్టు లేదు, పైకప్పు లేదు. బండి హఠాత్తుగ నాగినను, దేనినైన గ్రుద్దుకొన్నను, లోనివారు అదే వేగముతో ముందుకు విసరివేయబడుదురు. న్యూటన్ చెప్పిన జడత్వ నియమము పండుగనాడు సెలవు పుచ్చుకొనదు. తొట్టిలో కట్టిన బస్తా జారినచో మరల ఎత్తవచ్చును. ప్రాణము జారినచో ఎత్తువారు లేరు. కావున తొట్టి సరకులకే యని మీరు తెలిసికొని, ఇంట పెద్దలకును వినయముతో తెలుపుదురుగాక. ఆలస్యమైనను బస్సుననో మెట్రోలోనో పోవుట మేలు. బండి యొక్క బలమును ఎఱుగుట చదువు. దాని మితిని ఎఱుగుట వివేకము.