తీగను పాడించిన పాలకొల్లు

మాండలిన్ మీద ఒక్క మీటు మీటితే పుట్టిన నాదం చూస్తుండగానే అణగారిపోతుంది. వీణ తీగలా అది చాలాసేపు మోగదు. కమాను లాగినంతసేపూ పలికే ఫిడేలు సుఖం దానికి లేదు. తీగ మరీ పొట్టిది. గుర్రం నుంచి మేరువు దాకా దాదాపు పద్నాలుగు అంగుళాలు, అంటే గిటార్ తీగలో సగానికి కాస్త ఎక్కువ. ఈ లోటు కప్పిపుచ్చడానికే ఇటలీ వాద్యకారులు ఒకే స్వరాన్ని గబగబా కిందికీ పైకీ మీటి వణికించే పద్ధతి పెట్టుకున్నారు. పాత సినిమా పాటల్లో మాండలిన్ అనగానే చెవిలో మెదిలే గలగల అదే. మీటిన తీగను గొంతులా ఎలా పాడించాలన్నది గిటార్ పట్టిన రాక్ వాద్యకారులనూ వేధించిన ప్రశ్నే. ఆ ప్రశ్నకు జవాబు వెతికిన ఇద్దరు దేశాంతర గిటారిస్టులు చివరికి గోదావరి డెల్టాలో పుట్టిన ఒక మాండలిన్ దగ్గరకు వచ్చి చేరారు.

మాండలిన్ పుట్టిల్లు ఇటలీ. సొరకాయ బుర్రలాంటి వీపున్న వాద్యం 18వ శతాబ్దంలో నేపుల్స్‌లో రూపు దిద్దుకుంది. జతకు రెండు చొప్పున నాలుగు జతలు, మొత్తం ఎనిమిది తీగలు. శ్రుతి మాత్రం పాశ్చాత్యుల వయొలిన్‌దే. పొట్ట చేతబట్టుకుని వలస వెళ్లిన ఇటాలియన్లతో పాటు అది అమెరికా చేరింది. మిషిగన్ రాష్ట్రంలోని కాలమజూ ఊళ్లో ఆర్విల్ గిబ్సన్ అనే పనివాడు 19వ శతాబ్దం చివర ఆ బుర్ర తీసేసి, వయొలిన్‌లా చెక్కిన చెక్కలతో కొత్త మాండలిన్ తయారుచేశాడు. ఆయన పేరుతో వెలసిన గిబ్సన్ కంపెనీ తర్వాతి రోజుల్లో రాక్ గిటార్లకు మారుపేరయింది.

కెంటకీ రాష్ట్రంలో 1911లో పుట్టిన బిల్ మన్రో ఆ గిబ్సన్ మాండలిన్‌ను అమెరికా జానపదంలో ముందు వరసకు తెచ్చాడు. ఆయన జీవితాంతం మోసిన వాద్యం 1923 నాటిది. ఫ్లోరిడాలో ఒక మంగలి దుకాణంలో అమ్మకానికి పెట్టి ఉంటే చూసి కొనుక్కున్నాడు. కొండ ఊళ్ల పాటలు, చర్చి పాటలు, నల్లజాతివారి బ్లూస్ కలిపి ఆయన నడిపిన 'బ్లూ గ్రాస్ బాయ్స్' బృందం పేరే ఒక సంగీత శాఖకు పేరయింది. 1946లో ఆయన 'బ్లూ మూన్ ఆఫ్ కెంటకీ' అనే పాట రికార్డు చేశాడు. మూడు లెక్క మీద నిదానంగా సాగే పాట. 1954 జూలైలో పంతొమ్మిదేళ్ల ఎల్విస్ ప్రెస్లీ తన తొలి గ్రామఫోను రికార్డు రెండో వైపు ఈ పాటనే పాడాడు. మన మాటల్లో చెప్పాలంటే తిశ్ర గతిలో ఉన్నదాన్ని చతురశ్రంలోకి మార్చి పరుగెత్తించాడు. అదే ఏడాది మన్రో తన పాటను మళ్లీ రికార్డు చేశాడు. పాత నడకలోనే ఎత్తుకుని, మధ్యలో ఎల్విస్ నడకకు మారాడు! నలభై దాటిన జానపద దిగ్గజం నిన్నగాక మొన్న వచ్చిన కుర్రాడి లెక్కను తన పాటలోకి తీసుకోవడం చాలా పెద్ద మనసు. 1996లో మన్రో కన్నుమూశాడు. మరుసటి ఏడాది రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఆయనను తన పూర్వీకుల వరసలో చేర్చుకుంది.

అక్కడి నుంచి మాండలిన్ రాక్ పాటల్లోకి వస్తూ పోతూనే ఉంది. 1971లో లెడ్ జెప్లిన్ బృందంలోని జిమ్మీ పేజ్ అంతవరకు ఎప్పుడూ వాయించని మాండలిన్ చేతికి తీసుకుని 'ది బ్యాటిల్ ఆఫ్ ఎవర్‌మోర్' కట్టాడు. ఆ పాటలో ఆయన బృందంతో గొంతు కలిపింది ఇంగ్లండు జానపద గాయని శాండీ డెన్నీ. అదే ఏడాది వచ్చిన రాడ్ స్టువర్ట్ 'మ్యాగీ మే' చివర వినిపించే మాండలిన్ రే జాక్సన్‌ది. ఆల్బమ్ అట్ట మీద మాత్రం ఆయన బృందం పేరు వేసి, మనిషి పేరు గుర్తు రావడం లేదని రాశారు. పాట లోకమంతా మోగింది. జానపద వాద్యకారుడి పేరు మాత్రం అట్టకు ఎక్కలేదు.

రాక్ సంగీతానికి మన దేశపు జానపదంతోనూ ఇలాంటి పరిచయమే ఒకటుంది. 1967 డిసెంబరులో వచ్చిన బాబ్ డిలన్ ఆల్బమ్ 'జాన్ వెస్లీ హార్డింగ్' అట్ట మీద డిలన్‌కు అటూ ఇటూ నిలబడినవారు బెంగాల్ బావుల్ గాయకులు పూర్ణదాస్, లక్ష్మణ్‌దాస్. కానీ ఆల్బమ్‌లో వారి పాట లేదు. అది ఫొటో వరకే ఆగిన చుట్టరికం. పాలకొల్లు మాండలిన్‌తో కలిసిన బంధం అలాంటిది కాదు, అది నాదంలోకి దిగింది.

ఉప్పలపు శ్రీనివాస్ 1969 ఫిబ్రవరి 28న పాలకొల్లులో పుట్టారు. క్షీరారామం గాలిగోపురం నీడన, కాలువల మధ్య ఉన్న ఆ పట్టణం అప్పటికే అల్లు రామలింగయ్య, దాసరి నారాయణరావుల వంటి కళాకారులను కన్నది. తండ్రి సత్యనారాయణ క్లారినెట్ వాయించేవారు. ఇంట్లో ఒక మాండలిన్ కూడా ఉండేది. అయిదారేళ్ల పిల్లవాడు దాన్ని ఒళ్లో పెట్టుకుని మీటడం మొదలుపెడితే తండ్రి గమనించి కొత్తది కొనిచ్చారు. 1976లో గిటారిస్టు వాసూరావు ఆ ఏడేళ్ల పిల్లవాడికి పాశ్చాత్య సంగీతం పరిచయం చేశారు. సత్యనారాయణకూ వాసూరావుకూ గురువు ఒక్కరే, రుద్రరాజు సుబ్బరాజు. ఆయన చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. కుర్రవాడి చేతివాటం చూసి ఆయనే పాఠం మొదలుపెట్టారు.

ఈ పాఠం తీరే మొత్తం కథకు కీలకం. సుబ్బరాజుకు మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు విన్నది తీగ మీద పలికించేవాడు. ఏ వేలు ఎక్కడ పెట్టాలో చూపించేవారు లేరు. కర్ణాటక సంగీతంలో అంతకుముందు ఈ వాద్యానికి ఒక బాణీ అంటూ లేదు కాబట్టి అనుకరించడానికి ముందు తరమూ లేదు. ఎదురుగా ఉన్నది గొంతు ఒక్కటే. గురువుకు వాద్యం రాకపోవడం శిష్యుడికి అదృష్టమే అయింది. వాయించి చూపించే గురువు దొరికి ఉంటే ఇటలీ గలగలే నేర్చుకునేవాడేమో.

గొంతును వెంబడించడం అనుకున్నంత తేలిక కాదు. తోడి రాగం తీసుకుంటే, అందులో గాంధారం ఒకచోట నిలబడదు. రిషభానికీ మధ్యమానికీ నడుమ ఉయ్యాలలా ఊగుతుంది. మెట్టు మీద వేలు నొక్కి మీటితే గాంధారం వస్తుంది గానీ తోడి రాదు. వీణ మీద వైణికుడు తీగను పక్కకు లాగి ఆ ఊగును పుట్టిస్తాడు. మాండలిన్‌లో అలా లాగబోతే రెండు చిక్కులు. ఒకటి, తీగలు జతలుగా ఉంటాయి. రెండింటినీ కలిపి లాగినప్పుడు ఒకటి ఎక్కువ, ఇంకొకటి తక్కువ సాగి అపశ్రుతి పలుకుతుంది. రెండోది, నాదం అప్పుడే ఆరిపోతుంది కాబట్టి గమకం సగంలోనే మూగబోతుంది. శ్రీనివాస్ చేసిన మార్పు ఈ రెండు చిక్కులనూ విప్పింది. జత తీగలు తీసేసి ఒంటి తీగలు పెట్టారు. నాలుగుకు బదులు అయిదు తీగలు బిగించారు. వాద్యాన్ని విద్యుత్ మాండలిన్‌గా మార్చి, రాక్ గిటార్ లాగే పికప్ ద్వారా నాదాన్ని ఆంప్లిఫయర్‌లోకి పంపారు. దాంతో సన్నని తీగ కంపనం కూడా చివరి దాకా వినిపించింది, ఒక్క మీటులో పొడుగాటి గమకం ఇమిడింది. త్యాగరాజ కీర్తనకు రాక్ వేదిక మీది పరికరం ఇలా అక్కరకు వచ్చింది.

1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనలో తొమ్మిదేళ్ల శ్రీనివాస్ తొలి కచేరీ చేశాడు. కుటుంబం మద్రాసు చేరింది. 1981 డిసెంబరు సీజన్‌లో ఇండియన్ ఫైన్ ఆర్ట్స్ సొసైటీ వేదిక ఎక్కాడు. 1983లో, ఇంకా మీసాలు మొలవని వయసులో, బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించి వచ్చాడు. ఇది మన కచేరీకి వాద్యమా అన్న సందేహం ఆ నాలుగైదేళ్లలో సమసిపోయింది. ఫిడేలునూ క్లారినెట్‌నూ సొంతం చేసుకున్న సంగీతం మాండలిన్‌ను కాదనలేకపోయింది.

ఇంగ్లండులోని యార్క్‌షైర్‌కు చెందిన గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ తీగను గొంతులా పాడించాలన్న ఇదే సమస్యతో అవతలి గట్టు నుంచి కుస్తీ పట్టాడు. 1969 ఫిబ్రవరి 18న, పాలకొల్లులో శ్రీనివాస్ పుట్టడానికి సరిగ్గా పది రోజుల ముందు, ఆయన న్యూయార్క్ స్టూడియోలో మైల్స్ డేవిస్‌తో 'ఇన్ ఎ సైలెంట్ వే' రికార్డు చేస్తున్నాడు. జాజ్‌లోకి రాక్ గిటార్ చొరబడిన తొలి రికార్డుల్లో అదొకటి. 1971లో సొంతంగా మహావిష్ణు ఆర్కెస్ట్రా పెట్టి రాక్ శబ్దాన్ని చెవులు గింగురుమనేంత ఎత్తుకు తీసుకెళ్లాడు. మరోపక్క అమెరికాలోని వెస్లియన్ విశ్వవిద్యాలయంలో డాక్టర్ ఎస్. రామనాథన్ దగ్గర వీణ నేర్చుకున్నాడు. తర్వాత జాకిర్ హుస్సేన్, ఎల్. శంకర్, విక్కు వినాయక్‌రామ్‌లతో 'శక్తి' బృందం కట్టినప్పుడు మామూలు గిటార్ ఆయనకు చాలలేదు. గిబ్సన్‌లో పనిచేస్తున్న ఏబ్ వెక్టర్ ఆయన కోసం ప్రత్యేకంగా ఒక గిటార్ తయారుచేశాడు. మెట్ల మధ్య చెక్కను గుంటలుగా తొలిచారు. వేలు చెక్కకు తగలదు కాబట్టి తీగను వీణలో మాదిరే లాగి ఊపవచ్చు. శ్రుతి కోసం ఏడు తీగలు అడ్డంగా బిగించారు. బిల్ మన్రో మాండలిన్‌ను తయారుచేసిన కంపెనీయే గమకం కోసం గిటార్‌ను ఇలా తొలిచింది.

1990ల చివర మెక్‌లాఫ్లిన్, జాకిర్ హుస్సేన్ కలిసి 'రిమెంబర్ శక్తి' పేరుతో బృందాన్ని మళ్లీ నిలబెట్టారు. తొలి శక్తిలో శంకర్ ఫిడేలు ఉన్న చోటికి శ్రీనివాస్ మాండలిన్ వచ్చింది. 2000లో 'ది బిలీవర్', 2001లో 'సాటర్‌డే నైట్ ఇన్ బాంబే' విడుదలయ్యాయి. వాటిలో గిటార్, మాండలిన్ ఒకదాని మాటను మరొకటి అందుకునే చోట్ల శ్రద్ధగా వింటే ఎవరి తీగ ఎవరిదో ఒకటి రెండు క్షణాలు తేల్చుకోలేం. గిటార్ వీణ వైపు జరిగింది, మాండలిన్ విద్యుత్ గిటార్ వైపు జరిగింది, రెండూ నడుమ దారిలో కలిశాయి.

ఇంకో బంధం 1995లో కుదిరింది. రాక్ గాయకుడు పీటర్ గేబ్రియల్ ఇంగ్లండులో నెలకొల్పిన రియల్ వరల్డ్ సంస్థ శ్రీనివాస్, మైకేల్ బ్రూక్ కలిసి చేసిన 'డ్రీమ్' ఆల్బమ్ విడుదల చేసింది. నస్రత్ ఫతే అలీ ఖాన్ కవ్వాలీని 'మస్త్ మస్త్'తో పాశ్చాత్య శ్రోతలకు చేర్చిన బ్రూక్ ఈయనే. ఈ కెనడా గిటారిస్టు 'ఇన్ఫినిట్ గిటార్' అనే పరికరం కనిపెట్టాడు. తీగ పలికిన నాదాన్నే విద్యుత్ ద్వారా తిరిగి తీగకు అందించి, అది ఆగకుండా కంపించేలా చేస్తుంది. అలాంటి గిటార్ ఒకటి యూ2 బృందంలోని గిటారిస్టు ది ఎడ్జ్‌కు కూడా చేసిచ్చాడు. 1987లో మారుమోగిన 'విత్ ఆర్ వితౌట్ యూ' పాటలో సన్నగా సాగే గిటార్ నాదం దానిదే. నాదం ఆరిపోకూడదని యంత్రం కట్టినవాడు, నాదం ఆరిపోయేలోగా గమకం పలికించిన విద్వాంసుడి పక్కన కూర్చోవడం ఎంతో సహజంగా అనిపిస్తుంది.

శ్రీనివాస్ జానపద కళాకారుడు కాదు. ఎంత దూరం వెళ్లినా ఆయన వాయించినది కర్ణాటక సంగీతమే. జానపద వంశం ఆయన చేతిలోని వాద్యానిది. ఆ వాద్యాన్ని ఆయన దాని చుట్టాల దగ్గరకే కొత్త భాషతో తిరిగి పంపారు. 1998లో పద్మశ్రీ అందుకున్నారు. 2014 సెప్టెంబరు 19న చెన్నైలో, నలభై అయిదేళ్లకే కన్నుమూశారు.

'శక్తి' బృందం 2023లో తెచ్చిన 'దిస్ మొమెంట్' ఆల్బమ్‌కు మరుసటి ఏడాది గ్రామీ పురస్కారం వచ్చింది. అందులో మాండలిన్ లేదు, ఆ చోటికి మళ్లీ ఫిడేలు వచ్చింది. శ్రీనివాస్ దగ్గరే నేర్చుకున్న తమ్ముడు రాజేష్, మెక్‌లాఫ్లిన్ 2008 ఆల్బమ్ 'ఫ్లోటింగ్ పాయింట్'లో మాండలిన్ వాయించారు. అన్న చూపిన బాణీ ఇప్పుడు ఆయన చేతిలో ఉంది.