లోపల కడగక్కర్లేదు: కెనడా చెప్పే కొన్ని విశేషాలు

పెళ్లయి కెనడా వెళ్లే అమ్మాయికి ఆవకాయ జాడీ దగ్గర్నుంచి జలుబు మాత్రల దాకా అన్నీ సర్ది పంపుతాం. భార్యాభర్తల కలయిక తర్వాత ఒంటిని ఎలా శుభ్రం చేసుకోవాలో మాత్రం అమ్మా చెప్పదు, అత్తా చెప్పదు. అక్కడి మందుల షాపులో వరసగా పేర్చిన వాష్‌లు, వైప్స్, స్ప్రేలు చూసి ఇవన్నీ వాడాలేమో అనుకుంటుంది. వాడక్కర్లేదు. యోని లోపలి భాగం తనను తానే శుభ్రం చేసుకుంటుంది. బయటి భాగానికి మామూలు నీళ్లు చాలు. ఈ చిన్న మాట వెనక ఎంత కథ ఉందో చూడండి.

ఒకే ఏడాది, రెండు సంగతులు

1892లో జర్మనీ వైద్యుడు ఆల్బర్ట్ డోడర్లైన్ యోనిలో ఉండి మేలు చేసే బ్యాక్టీరియా గురించి వివరంగా రాశారు. సరిగ్గా అదే ఏడాది కెనడా తన క్రిమినల్ కోడ్‌లో గర్భనిరోధక సాధనాల అమ్మకాన్ని, ప్రచారాన్ని నేరంగా చేర్చింది. ఆ నిషేధం 1969 దాకా తొలగలేదు.

'పరిశుభ్రత' వెనక దాగిన మాట

గర్భనిరోధకం పేరెత్తకూడని ఆ రోజుల్లో ఉత్తర అమెరికా కంపెనీలు 'స్త్రీల పరిశుభ్రత' అనే మాట పట్టుకున్నాయి. 1920లు, 30లలో ఇంట్లో క్రిములు చంపే లైసాల్‌ను నీళ్లలో కలిపి లోపల కడుక్కోమని పత్రికల్లో ప్రకటనలు వచ్చాయి. అలా చేస్తే గర్భం రాదని ఆడవాళ్లు అర్థం చేసుకున్నారు. గర్భం ఆగలేదు. వీర్యకణాలు నిమిషాల్లోనే గర్భాశయ ముఖద్వారంలోకి చేరిపోతాయి, నీళ్లు వాటిని పట్టుకోలేవు. మిగిలింది మంట, పుండ్లు. స్నానం నీళ్లలో వేసే డెట్టాల్‌ను అక్కడ వాడే అలవాటు మన ఇళ్లలో ఉంటే ఈ రోజే మానేయండి.

ఇల్లిల్లూ తిరిగినందుకు అరెస్టు

1936లో ఒట్టావా పక్కనే ఉన్న ఈస్ట్‌వ్యూలో డొరోథియా పామర్ అనే మహిళ ఇంటింటికీ వెళ్లి కుటుంబ నియంత్రణ గురించి చెబుతుంటే పోలీసులు అరెస్టు చేశారు. నెలల తరబడి విచారణ సాగాక, ఆమె చేసింది ప్రజల మేలు కోసమేనని 1937లో కోర్టు విడుదల చేసింది. ఒంటి సంగతి నోరు తెరిచి చెప్పడానికే అంత ధైర్యం కావాల్సి వచ్చిన కాలమది.

వాడేవాళ్లలోనే ఎక్కువ

2018లో ఒంటారియోలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు దాదాపు 1,500 మంది కెనడా స్త్రీలపై చేసిన సర్వే వెలువడింది. వాళ్లలో 95 శాతానికి పైగా ఏదో ఒక ఉత్పత్తిని ఆ భాగంలో వాడినవారే. జెల్ శానిటైజర్లు వాడినవారిలో ఈస్ట్ ఇన్ఫెక్షన్ 8 రెట్లు, బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్ సుమారు 20 రెట్లు ఎక్కువగా కనిపించాయి. ప్రత్యేక వాష్‌లు వాడినవారిలో బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్ మూడున్నర రెట్లు, వైప్స్ వాడినవారిలో మూత్ర ఇన్ఫెక్షన్ రెండు రెట్లు. ఇన్ఫెక్షన్ వచ్చాక వీటిని కొన్నారా, వీటివల్లే ఇన్ఫెక్షన్ వచ్చిందా అన్నది సర్వే తేల్చదు. కానీ ఇవి కాపాడతాయన్న నమ్మకానికి మాత్రం అందులో ఏ ఆధారమూ దొరకలేదు.

పెరుగు తోడుకున్నట్టే

పాలను తోడుపెట్టే బ్యాక్టీరియాకు దగ్గరి చుట్టాలే యోనిలో కాపురముండే లాక్టోబాసిల్లస్‌లు. అక్కడ దొరికే చక్కెరల నుంచి లాక్టిక్ ఆమ్లం తయారుచేసి పీహెచ్‌ను 3.8 నుంచి 4.5 మధ్య ఉంచుతాయి. అంటే మన పెరుగంత పులుపు. చెడ్డ క్రిములకు ఆ పులుపు గిట్టదు. వీర్యం పీహెచ్ 7.2 నుంచి 8 దాకా ఉంటుంది కాబట్టి కలయిక తర్వాత కొన్ని గంటలు ఆ పులుపు తగ్గుతుంది, వాసన కాస్త మారుతుంది. అది మురికి కాదు. లాక్టోబాసిల్లస్‌లు మళ్లీ పులుపు తెచ్చుకుంటాయి. ఆలోపు సబ్బు నీళ్లు లోపలికి పోస్తే కాపలా ఉన్నవాటినే కడిగి పారేసినట్టవుతుంది. లోపల కడిగే అలవాటున్న స్త్రీలలో బ్యాక్టీరియల్ వెజైనోసిస్ (యోనిలో చెడ్డ బ్యాక్టీరియా పెరిగిపోవడం), కటి భాగపు ఇన్ఫెక్షన్లు ఎక్కువని ఎన్నో అధ్యయనాలు చూపాయి.

ఇంకో లండన్ నుంచి

కెనడాలోనూ ఒక లండన్ ఉంది, ఒంటారియోలో. మూత్రవైద్య నిపుణుడు ఆండ్రూ బ్రూస్‌తో కలిసి పనిచేసిన శాస్త్రవేత్త గ్రెగర్ రీడ్ ఏళ్లపాటు అక్కడి నుంచే ఈ బ్యాక్టీరియాపై పరిశోధన సాగించారు. ఆరోగ్యవంతురాలైన ఒక స్త్రీ నుంచి సేకరించిన జీఆర్-1 అనే రకం వాళ్ల పనివల్లే పేరు పొందింది. 2004 నుంచి అక్కడి వెస్టర్న్ విశ్వవిద్యాలయం సాయంతో టాంజానియాలోని మ్వాంజాలో స్థానిక స్త్రీలు ఆ రకంతోనే పెరుగు తోడుపెట్టి అమ్మారు. ఒక్క జాగ్రత్త: పెరుగు తినడానికే, లోపల పూసుకోవడానికి కాదు.

ఆవిరి చేసిన గాయం

2019లో కెనడా ప్రసూతి, స్త్రీవైద్య పత్రికలో కాల్గరీ నుంచి ఒక కేసు వచ్చింది. గర్భాశయం జారే సమస్యకు ఆపరేషన్ తప్పించుకోవాలని 62 ఏళ్ల మహిళ మరిగిన నీళ్ల మీద కూర్చుని యోనికి ఆవిరి పట్టుకున్నారు. వరసగా రెండు రోజులు, రోజుకు 20 నిమిషాలు. చర్మం రెండో స్థాయికి కాలింది. జలుబుకు ముక్కుకు పట్టే ఆవిరిని అక్కడికి తీసుకెళ్లకూడదు.

పౌడర్ డబ్బా పక్కన పెట్టండి

చెమటకి, వాసనకి జననాంగాల దగ్గర పౌడర్ అద్దుకోవడం మనకు మామూలే. 2021 ఏప్రిల్‌లో కెనడా ప్రభుత్వం తన తుది సమీక్షలో టాల్క్ ఉన్న పౌడర్లను ఆ భాగంలో వాడటం ఆరోగ్యానికి హాని కలిగించవచ్చని తేల్చింది. అండాశయ క్యాన్సర్‌తో దానికి సంబంధం ఉండే అవకాశమే కారణం. నూలు లోదుస్తులు, పొడి బట్టలు ఆ పని నిక్షేపంగా చేస్తాయి.

నాలుగు సెంటీమీటర్ల సమస్య

ఆడవాళ్ల మూత్రనాళం సుమారు 4 సెంటీమీటర్లు, మగవాళ్లది దాదాపు 20. కలయిక సమయంలో మలద్వారం దగ్గరి ఈ.కోలి బ్యాక్టీరియా ఆ పొట్టి దారిలోకి చేరడం తేలిక. కొత్తగా పెళ్లైనవాళ్లకు మూత్రంలో మంట తరచూ రావడానికి కారణమిదే. తర్వాత మూత్రానికి వెళ్లి రావడం మంచి అలవాటు. దానికి గట్టి రుజువు లేకపోయినా నష్టం లేదు. రుజువున్న మాట మరోటి: 2018లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, తక్కువ నీళ్లు తాగే స్త్రీలు రోజుకు లీటరున్నర అదనంగా తాగితే మళ్లీ మళ్లీ వచ్చే మూత్ర ఇన్ఫెక్షన్లు దాదాపు సగానికి తగ్గాయి. కెనడా చలిలో దాహం తెలియదు, కాబట్టి గుర్తుపెట్టుకుని తాగాలి.

చెంబు అలవాటు మంచిదే

టాయిలెట్ పేపరు దేశంలో చెంబో, హ్యాండ్ షవరో పెట్టుకునే తెలుగువాళ్లు నామోషీ పడనక్కర్లేదు. బయట కడుక్కోవడానికి నీళ్లే మేలు. ముందు నుంచి వెనక్కి కడగాలి, తుడవాలి. ధార లోపలికి కొట్టకూడదు.

మందు ఫార్మసీలోనే

డాక్టరు అపాయింట్‌మెంట్ కోసం రోజుల తరబడి ఎదురుచూడనక్కర్లేకుండా, 2023 జనవరి 1 నుంచి ఒంటారియోలో మామూలు మూత్ర ఇన్ఫెక్షన్‌కు ఫార్మసిస్టే మందు రాసివ్వవచ్చు. అదే ఏడాది అక్టోబరు నుంచి యోని ఈస్ట్ ఇన్ఫెక్షన్‌కు కూడా. బ్రిటిష్ కొలంబియాలో మూత్ర ఇన్ఫెక్షన్‌కు ఈ వెసులుబాటు 2023 జూన్ 1న వచ్చింది. జ్వరం, నడుము నొప్పి, గర్భం ఉంటే మాత్రం డాక్టరు దగ్గరికే వెళ్లాలి.

శుభ్రత ఇద్దరిదీ

బ్యాక్టీరియల్ వెజైనోసిస్ తగ్గినట్టే తగ్గి తిరిగొస్తుంటే తప్పంతా తనదేనని భార్య కుమిలిపోతుంది. 2025లో ఆస్ట్రేలియా పరిశోధకులు భార్యతో పాటు భర్తకూ మందులిచ్చి చూశారు. భార్యకు మాత్రమే ఇచ్చిన జంటల్లో 63 శాతం మందికి పన్నెండు వారాల్లో జబ్బు తిరగబెట్టింది. ఇద్దరికీ ఇచ్చినచోట అది 35 శాతమే. చేతులు, గోళ్లు, ఒళ్లు శుభ్రంగా ఉంచుకోవాల్సిన బాధ్యత ఆయనకూ అంతే ఉంది.

811కి ఫోన్ చేస్తే

బ్రిటిష్ కొలంబియాలో 811కి ఫోన్ చేస్తే నర్సు మాట్లాడతారు. 130కి పైగా భాషల్లో దుబాసీ సాయం ఉంది, కావాల్సిన భాష పేరు చెప్పి అడగాలి. చేపవాసన, పెరుగు విరిగినట్టు తెల్లబట్ట, దురద, కలయికలో నొప్పి, తర్వాత రక్తం కనిపించడం, ఇవేవీ సబ్బుతో కడిగేసేవి కావు. అడిగి చూపించుకోవాల్సినవి.

చేయాల్సింది ఇంతే

కలయిక తర్వాత మూత్రానికి వెళ్లి రండి. బయట గోరువెచ్చని నీళ్లతో కడుక్కుని మెత్తటి బట్టతో అద్దుకోండి. ఓ గ్లాసు నీళ్లు తాగి హాయిగా పడుకోండి.