నడుస్తున్న కారుకు పికప్ తగ్గితే..
వలీమాకని ఇంటిల్లిపాదీ కొవ్వూరు నుంచి రాజమండ్రి బయలుదేరారు. రోడ్డు కం రైలు వంతెన ఎక్కుతుంటే యాక్సిలరేటర్ ఎంత తొక్కినా బండి లాగడం లేదు. కంగారు వద్దు. నాలుగు ఇండికేటర్లూ వేసి, ఎడమ పక్కగా మెల్లగా దాటించండి. టెంపరేచర్ ముల్లు ఎరుపులోకి పోతే మాత్రం వెంటనే ఆపేయాలి. వేడి మీద రేడియేటర్ మూత తీయొద్దు.

ఆగి ఉన్నప్పుడు ఇంజిన్ బాగానే తిరిగి, ఎత్తు ఎక్కేటప్పుడు నీరసిస్తే ముందు ఫ్యూయల్ ఫిల్టర్‌ను అనుమానించండి. డీజిల్ బండి నల్లపొగ వదిలితే ఎయిర్ ఫిల్టర్, టర్బో పైపు చూడాలి. కోతల కాలం దుమ్ముకు ఎయిర్ ఫిల్టర్ త్వరగా మూసుకుపోతుంది. చెక్ ఇంజిన్ లైటు వెలిగితే మెకానిక్‌తో స్కానర్ పెట్టించండి.

ఫిల్టర్లకు అయ్యే ఖర్చు తక్కువ. టర్బో, ఇంజెక్టర్లకు చాలా ఎక్కువ. కారణం తేలకముందే వాటిని మార్చనివ్వకండి.